చుక్కాని కింద అయిదు గాట్లు

పాలిష్ పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్లు నా దగ్గరకొస్తే ముందు అడిగేది ఏ వార్నిష్ మంచిదని. తర్వాత అడిగేది ఎన్ని పూతలు వెయ్యాలని. ఆ రెండూ దుకాణం వాడు కూడా చెప్తాడు. నలభై ఏళ్లు ఈ పని చేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానేసినవాణ్ణి, నేను చెప్పాల్సింది వేరే ఉంది. కర్ర మీంచి ఏది తియ్యాలో మేస్త్రీలందరూ నేర్పుతారు. ఏది తియ్యకూడదో నాకెవరూ నేర్పలేదు. ఒక ముసలాయన పడవ పాడుచేశాక నాకది తెలిసింది.

సముద్రం లేని చోడవరంలో పడవేమిటని అడుగుతారు. చెప్తాను. ముందు మా మావయ్య గురించి చెప్పాలి. నా తప్పులో సగం ఆయన నేర్పిన విద్యలోంచే వచ్చింది. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతోనే అన్నాను కాబట్టి ఇప్పుడు రాయడానికి నాకు భయం లేదు.

దూది ఉండ

మా అమ్మ తమ్ముడు అప్పన్న మేస్త్రి. చోడవరంలోనూ, అటు వడ్డాది దాకానూ పెళ్లి మంచం గానీ, ప్లీడరు గారి బల్ల గానీ, కొత్త ఇంటి సింహద్వారం గానీ మెరవాలంటే ఆయన చెయ్యి పడాల్సిందే. పని చేస్తున్నప్పుడు మాట్లాడేవాడు కాదు. మాట్లాడాడంటే తిట్టడానికే. ఒకరి పనిని మెచ్చుకోవడం ఆయన నోటికి రాదు. ఏమీ అనకుండా పక్కకి వెళ్లిపోతే బాగున్నట్టు. నేను పదేళ్లు ఆ మౌనాన్నే బిరుదులా దాచుకున్నాను.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దూది ఉండ ఉండేది. ఉప్పుకాగితంతో రుద్దడం అయిపోయాక ఆ దూదిని కర్ర మీద మెల్లగా నడిపేవాడు. ఎక్కడైనా ఒక్క పోగు చిక్కుకుందా, మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. సాయంత్రమైందనీ, చేతులు పొక్కాయనీ చెబితే వినేవాడు కాదు.

నేను పనిలో చేరిన మొదటి ఏడాది ఒక ఉయ్యాల తొట్టి నాకిచ్చాడు. లోపలి మూల సరిగా అందక వదిలేశాను. దూది అక్కడే పట్టుకుంది. మావయ్య నా వేలు పట్టుకుని ఆ మూలలో రాశాడు. చిన్న చీలిక గుచ్చుకుని రక్తమొచ్చింది.

"పసిగుంట వేలికి ఇదే గుచ్చుకుంటే ఆ పాపం ఎవడిదిరా సన్నాసీ? సేతికి ఏదీ తగలకూడదు. తగిలిందంటే పని అవనట్టే" అన్నాడు.

నా పేరు సన్యాసిరావు. ఆయన నోట ఎప్పుడూ సన్నాసినే. ఆ రోజు నుంచి చేతికి ఏదీ తగలకూడదన్నదే నాకు పని అయిపోయింది. మంచి మాటే. ఇప్పటికీ చాలా పనులకి అదే మాట చెప్తాను. అన్నిటికీ మాత్రం చెప్పను.

బళ్ల మీద పడవ

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ఎండాకాలం చివర, ఒకరోజు పొద్దున్న అనకాపల్లి రోడ్డు మీద రెండు బళ్లు కలిపి కట్టి ఒక పడవని తెచ్చారు. చీడికాడ కొండల్నుంచి దుంగలు దింపే బళ్లవాళ్లే తెచ్చారు. దుంగకి కట్టినట్టే ముందొక బండి, వెనకొక బండి, మధ్యలో పడవ. పద్దెనిమిది అడుగులు ఉంటుంది. జనం పనులు మానుకుని చూశారు.

టీ కొట్టు దగ్గర కూర్చున్నాయన, "ఏటిది, సోడవరానికి సముద్రం గానీ వస్తందేటి?" అని అరిచాడు.

బండి కొయ్య మీద చెయ్యేసి నడుస్తున్న ముసలాయన నవ్వి, "ముందు పడవ తెచ్చేను బాబూ. సముద్రం తరవాత తెస్తాను" అన్నాడు.

ఆయన సరంగు ఎర్రయ్య గారు. పుట్టింది సముద్రం ఒడ్డున పూడిమడకలో. విశాఖపట్నం రేవులో ముప్పై ఏళ్లు లాంచీలు నడిపే సరంగుగా పనిచేశాడు. ఈ తెరచాప పడవ రేవులో పనిచేసిన ఒక తెల్లదొరది. దొర దేశం విడిచి వెళుతూ, ఇన్నాళ్లూ దాన్ని నడిపిన చేతికే ఇచ్చి వెళ్లాడు. సరంగు గారు రిటైరయ్యాక చోడవరంలో కూతురు నూకరత్నం దగ్గరకి వచ్చేశాడు. అల్లుడికి చెరకు తోటా, గానుగ పాకా ఉన్నాయి. పడవ మాత్రం పూడిమడకలో అన్న కొడుకు దగ్గర ఉండేది. ఈయన నెలకోసారి వెళ్లి నడుపుకుని వచ్చేవాడు. ఉప్పుగాలికి దాని పైపూత చేప పొలుసుల్లా లేచిపోయింది. ఇంక ఇది పనికిరాదు, కర్ర కింద అమ్మేద్దామని అన్న కొడుకు కబురు పంపితే, ఈయన బళ్లు మాట్లాడి ఊరికి తెచ్చేసుకున్నాడు.

బెల్లం వండే రోజులు కాదు కాబట్టి గానుగ పాక ఖాళీగా ఉంది. పడవ అందులోకి చేరింది. పుష్యంలో చెరకు ఆడడం మొదలుపెడతారు, ఆ లోపల పాక ఖాళీ చెయ్యాలని అల్లుడు చెప్పాడు.

సరంగు గారు మావయ్యతో చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. "పుష్యానికి సముద్రం నిదానంగా ఉంటాది మేస్త్రీ. ఒక్కసారి నా సేత్తో మొగ దాటించి, మళ్లీ నా సేత్తోనే లోపలికి తెచ్చేస్తే సాలు. ఆ తరవాత ఏటయినా పరవానేదు." మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. పూడిమడక మొగకి రెండు పక్కలా ఇసక దిబ్బలు, మధ్యలో సన్నటి దారి.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. "నిలబడే సోట వార్నిష్ వెయ్యకండి. తడి కాలు జారిపోతాది. నూనె పట్టించండి సాలు." పనివాడు చెప్పించుకోవాల్సిన మాట అది. అడగాలని మాకు తెలిసుంటే కదా. మేము బల్లలకి పాలిష్ చేసేవాళ్లం. ఆయన చెప్పకపోతే డెక్కు అంతా అద్దంలా మెరిపించేసి ఉండేవాళ్లం.

ఉప్పు

మొదటి రెండు నెలలు మేము కర్రని కడగడమే చేశాం. ఏళ్ల తరబడి ఉప్పు తాగిన టేకు అది. ఆ ఉప్పు లోపల ఉండగా పైన ఎంత మంచి వార్నిష్ వేసినా వానాకాలానికి బుడగలు వచ్చి లేచిపోతుంది. నూతినీళ్లు పోసి కడగడం, ఆరనివ్వడం, మళ్లీ కడగడం. మావయ్య వారానికోసారి వచ్చి వంగి పడవ కర్రకి నాలిక ఆనించి చూసేవాడు. ఉమ్మేసి, "ఉంది. ఇంకా కడుగు" అని వెళ్లిపోయేవాడు. నాలిక పెట్టి చూసే మేస్త్రీని ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు. మీరు నవ్వుకోండి గానీ, ఉప్పు కంటికి కనబడదు.

పలకల సందుల్లోంచి నీళ్లు దూరకుండా నార కుక్కి గుగ్గిలం పొయ్యడానికి పూడిమడక నుంచి మనిషొచ్చాడు. అది మా పని కాదు, మాకు రాదు కూడా. రాని పని వచ్చని చెప్పకపోవడం కూడా మావయ్య దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత గీకడం. కాస్టిక్ సోడా పోస్తే పాత పూత ఒక్క రోజులో వచ్చేస్తుంది గానీ టేకు నల్లబడుతుంది. మేము గాజుపెంకుతో గీకాం. సీసా పగలగొట్టి, పదునున్న అంచుని కాస్త వంచి పట్టుకుని లాగితే పాత వార్నిష్ సన్నటి పొట్టులా రాలుతుంది. ఆ తర్వాత ఉప్పుకాగితం, ముతకది ముందు, సన్నది తర్వాత. కర్రలో చార ఎటుపోతే చెయ్యి అటే పోవాలి.

సరంగు గారు రోజూ మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు వచ్చేవాడు. గుమ్మంలోనే నిలబడి "ఎవరూ?" అనేవాడు. చెప్పాక లోపలికొచ్చేవాడు. కళ్లతో కాకుండా అరచేత్తో చూసేవాడు పడవని. నాకది పెద్ద పనివాడి అలవాటులా కనిపించింది. ఒకరోజు మావయ్య చొక్కా విప్పి స్తంభానికి తగిలించి బయటికెళ్లాడు. సరంగు గారు ఆ చొక్కాకి దణ్ణం పెట్టి, "మేస్త్రీ, ముక్కు దగ్గర పలక కదల్తంది సూసేవా?" అని అడిగాడు. నేను నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ముసలాళ్ల పరధ్యానం అనుకున్నాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

నేను బాగుచేసిన అడ్డబల్ల

కార్తీకం దాటాక మావయ్యకి అనకాపల్లిలో వేరే పని వచ్చింది. పది రోజులు వెళ్లాలి. పడవ వెనక భాగం నాకు వదిలేసి వెళ్లాడు. ఒక పనిని నా ఒక్కడి చేతికి వదలడం అదే మొదటిసారి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు.

వెనక చుక్కాని ఉంటుంది. దాన్ని తిప్పే పొడుగాటి కర్ర పిడి, నడిపేవాడి చేతిలోకి వస్తుంది. ఆ పిడి కింద ఒక అడ్డబల్ల. దాని మీద అయిదు గాట్లున్నాయి. నడిమధ్యదీ, దానికి రెండు పక్కలవీ లోతుగా ఉన్నాయి. ఆ చివరా ఈ చివరా ఉన్న రెండూ పైపైన గీసినట్టున్నాయి. అన్నీ మట్టిపట్టి నల్లగా ఉన్నాయి. లోతైనవాటి అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి.

ఎవడో బల్ల మీద పెట్టి చేపలు కోశాడనుకున్నాను.

అరిగిన అంచు చూశాను. కత్తి గాటు అలా అరగదని, ఏళ్ల తరబడి ఒక వేలు రాసుకుంటేనే అరుగుతుందని తెలిసే వయసే నాది. పనివాణ్ణి కూడా. మధ్యాహ్నం కాగానే పడవ ఆసామి పాకలోకి వస్తూనే ఉన్నాడు. "తాతా, ఇవేటి?" అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. నా బుర్రలో ఉన్నది మావయ్య దూది ఒక్కటే.

లోతైన మూడింట్లో లప్పం పెట్టాను. టేకు పొట్టు, లక్క కలిపి చేసిన లప్పం, రంగు బాగా కుదిరింది. పైపైన ఉన్న రెంటినీ గాజుపెంకుతో గీకి ఆనవాలు లేకుండా చేశాను. రుద్దాను, నాలుగు పూతలు వేశాను. మావయ్య వచ్చి దూది నడిపాడు. ఎక్కడా పట్టుకోలేదు. ఏమీ అనకుండా పక్కకి వెళ్లిపోయాడు. ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు.

వేలు వెతుక్కున్న చోటు

మర్నాడు మధ్యాహ్నం సరంగు గారు వచ్చాడు. నూకరత్నం పాక బయట బెల్లం పెనం తోమిస్తోంది. ఆయన పడవెక్కి తన చోట్లో కూర్చున్నాడు. పిడి పట్టుకున్నాడు. బొటనవేలు కిందికి జారి అడ్డబల్ల మీద ఆగింది. ఎడమకి వెళ్లింది, కుడికి వచ్చింది, మళ్లీ ఎడమకి వెళ్లింది.

"బాబూ, ఇక్కడ గాట్లుండీవి" అన్నాడు.

"ఉండీవి తాతా. తీసేసేను. ఎలాగుందో సూడు."

"అన్నీ తీసేసేవా?"

"అన్నీ."

ఆయన బొటనవేలు ఇంకా తిరుగుతూనే ఉంది. కాసేపటికి నవ్వుతూ తలెత్తి, "శానా బాగా సేసేవు" అన్నాడు. ఆ మాట నాతో కాదు, నాకు రెండడుగుల పక్కనున్న స్తంభంతో అన్నాడు. నేను చప్పుడు కాకుండా అవతలికి జరిగాను. ఆయన మొహం స్తంభం వైపే ఉండిపోయింది. "ఎవరూ?" అనడం, ఎండవేళే రావడం, చొక్కాకి దణ్ణం పెట్టడం, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"తాతా, నీకు కళ్లు..."

"మెల్లగా బాబూ. బయట నా కూతురుంది."

అప్పుడు చెప్పాడు. రెండేళ్లుగా చూపు తగ్గుతోంది. విశాఖపట్నంలో డాక్టరుకి చూపించుకుంటే, లోపల నరం ఎండిపోయింది, కోసినా రాదు అన్నాడు. ఎండలో నీడలు తెలుస్తాయి, అంతే. కూతురికి చెబితే పడవ అమ్మించేస్తుంది. అందుకే చెప్పలేదు. గాట్లు తియ్యొద్దని మాతో చెబితే ఎందుకని అడుగుతాం, ఊరంతా తెలుస్తుంది. అందుకని అదీ చెప్పలేదు.

"మద్దిది తిన్నగా పోడానికి. దాని పక్కలవి మొగ దాటి బయటికి పోడానికి. ఆ సివరా ఈ సివరా ఉన్నవి తిరిగొచ్చీటప్పుడు. ముందు మూడూ వయసులో గీసుకున్నాను, సీకట్లో బయల్దేరతాం కదా. కడాకరి రెండూ సూపు మసకబారినాక గీసేను. ఆటి మీద బొటనేలు ఉంటే నాకు కళ్లక్కర్నేదు."

"మళ్లీ గీసెస్తాను తాతా. ఎక్కడెక్కడో సెప్పు."

ఆయన పిడి అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. "నా సేతికి తెలుసు బాబూ. నాకు తెల్దు" అన్నాడు.

మాటల్లో పెట్టడం

మావయ్యకి చెప్పాను. తంతాడనుకున్నాను. ఆయన అడ్డబల్ల దగ్గర కూర్చుని దాని మీద చెయ్యి రాశాడు. "నాను నేర్పిందే సేసేవు. తప్పు నీదొక్కడిదే కాదు" అన్నాడు. మావయ్య తప్పు ఒప్పుకోవడం నేనెరిగింది ఆ ఒక్కసారే. ఎంత పెద్ద మేస్త్రి దగ్గర పనిచేసినా ఆయన మాటకి కూడా ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దు మనమే చూసుకోవాలని నేనప్పుడు గ్రహించాను.

లప్పం పెట్టిన మూడూ తేలిగ్గానే దొరికాయి. ఎంత బాగా పెట్టినా, ఎండలో పక్కకి వాలి చూస్తే లప్పం లప్పంలానే కనబడుతుంది. ఉలి మొనతో తవ్వి తీశాను. గీకేసిన రెంటికీ మాత్రం ఆనవాలు లేదు. పొయ్యే గాట్లు దొరికాయి, వచ్చే గాట్లు పోయాయి. ఆయన సముద్రంలోకి వెళ్లగలడు, తిరిగి రాలేడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

దారి చూపించింది మావయ్యే. "లక్కలో స్పిరిట్ ఎంత పోస్తానో నన్నెవడైనా అడిగితే సెప్పలేను. పోస్తన్నప్పుడు అడిగితే సెయ్యి తప్పిపోతాది. ఆయన్ని గాట్ల గురించి అడక్కు. మాటల్లో పెట్టు. సెయ్యిని దాని మానాన దాన్నొగ్గీ" అన్నాడు.

మర్నాడు సరంగు గారిని తన చోట్లో కూర్చోబెట్టి, సుద్దముక్క పట్టుకుని కింద కూర్చున్నాను. మొగలో ఎప్పుడైనా కష్టపడ్డావా తాతా అని అడిగాను. ఆయన మొదలెట్టాడు. దొరకి జ్వరం, పడవ అడుగున పడుకుని ఉన్నాడు. తూర్పుగాలి తిరిగింది. మొగ మీద కెరటం విరుగుతోంది. "అప్పుడు నానేటి సేసేనంటే" అంటూ పిడి తనవైపు లాక్కున్నాడు. బొటనవేలు బల్ల మీద ఒకచోట నిలిచింది. అక్కడ సుద్దగీత పెట్టాను. "దిబ్బ దాటగానే ఇటు తోసేను" అన్నాడు. రెండో చోట గీత పెట్టాను.

నా అనుమానం తీరలేదు. ఆ కథ మళ్లీ చెప్పించాను. మూడోసారి కూడా చెప్పించాను. ఒక్కోసారీ వేలు కాస్త అటూ ఇటూ పడింది. మూడు గీతలకి నడుమ గీత చూసుకుని గాటు పెట్టాను. లెక్క ప్రకారం సరే అనిపించింది. నా రెండో తప్పు అదే. మొదటిసారి ఆ చెయ్యి సముద్రంలో ఉంది. రెండోసారికీ మూడోసారికీ నేను చూస్తున్నానని దానికి తెలిసిపోయింది. మొదటి గీత తీసుకోవలసింది.

గాట్లు పెట్టాక ఒక మాట అన్నాను. "తాతా, నాను కూడా పడవెక్కుతాను. లేపోతే నీ కూతురికి సెప్పెస్తాను."

"నీకు ఈత వచ్చా?"

"రాదు."

"ముండాకొడకా" అని నవ్వాడు. "సరే, రా."

ఇది చదివే పిల్లలు అడుగుతారు, కూతురికి ఎందుకు చెప్పలేదని. ఇప్పుడైతే చెప్తాను. ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. అప్పుడు నాకు కనబడింది ఒక్కటే. ఆయన పని నేను పాడుచేశాను, అది సరిచెయ్యాలి. సరిచెయ్యడం వేరు, తోడుపోవడం వేరు. ఆ తేడా ఆ వయసులో నాకు తెలియలేదు.

మొగ

పుష్యం మొదట్లో పడవ మళ్లీ బళ్లెక్కింది. మావయ్య కూడా వచ్చాడు, ఒడ్డున ఆఖరి పూత తన కళ్ల ముందే పడాలని. నూకరత్నం తండ్రికి అన్నం మూట కట్టుకుని వచ్చింది. పూడిమడకలో సరంగు గారి వాళ్లంతా ఒడ్డు మీద నిలబడ్డారు. తెల్లగా ఎండ కాస్తోంది. కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, పడవని ఏట్లోకి తోశారు. ఈత రాని నన్ను చుక్కాని దగ్గర చూసి మావయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

వెళ్లడం సులువుగానే అయింది. సరంగు గారి బొటనవేలు గాటు మీద ఉంది, చెంప గాలికి ఉంది. దిబ్బలు రెండు పక్కలా జరిగిపోయాయి. సముద్రంలోకి వచ్చాక ఆయన మొహం ఎలా ఉందో నేను సరిగా చూడలేదు. అంచు మీంచి వంగి వాంతి చేసుకుంటున్నాను. "తాగీ కొంచెం నీళ్లు. సముద్రానికి నీ బాకీ తీరిపోనాది" అన్నాడు. ఒక పాట ఎత్తుకున్నాడు. గంటసేపు తిప్పాడు పడవని. దాని మీద నేను రుద్దిన ప్రతి పలకా ఎండలో తేనెరంగులో ఉంది. చావుభయంలో కూడా నాకు గర్వం వేసింది.

తర్వాత పడవ తిప్పాడు. మొగ దగ్గరపడింది. ఎడమ పక్క తెల్లగా నురగ లేస్తోంది.

"ఎడం పక్క నురగ తాతా!"

"నురగ నా సెవికి ఇనబడతంది. నువ్వు నా ఏలు సూడు. గాటు మీద ఉందా?"

"ఉంది."

"కొత్తది, కరుగ్గా ఉంది. ఇది నాదో కాదో నా ఏలికి తెలవడం నేదు. నువ్వు సరిగ్గా పెట్టేవా?"

నేనేమని చెప్పను? "పెట్టేను" అన్నాను.

ఆయన పిడి అక్కడే నిలిపాడు. పడవ అడుగు కింద ఇసక కరకరమంది. ఒక పక్కకి ఒరిగింది. నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. ఆయన వేలు గాటు మీంచి పక్కకి జరిగింది, చిటికెనవేలు మందం. అంతే. పడవ లేచింది, రెండో దిబ్బ దాటింది, ఏట్లోకి వచ్చేసింది.

"ఇంకొక్క పిసరు ఇటుండాల" అన్నాడు. కోపంగా అనలేదు. మావయ్య నాలిక పెట్టి చూసి "ఉంది" అన్నట్టే అన్నాడు.

ఒడ్డుకి వచ్చాక అందరూ కేకలు వేశారు. ఆయన దిగి చెయ్యి చాపి కూతురి భుజం వెతుక్కుని పట్టుకున్నాడు. "అమ్మా, నాకు సూపు నేదు. రెండేళ్లయినాది" అన్నాడు.

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. ఏడవలేదు. నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

తల వంచుకున్నాను.

"తెలిసుండీ ఎక్కించేవా? మా అయ్య మునిగిపోతే నాకేటని సెప్పీవోడివి?"

ఈ పనిలో నన్ను చాలామంది తిట్టారు. ఆ తిట్లన్నీ మర్చిపోయాను గానీ, ఆవిడ అడిగిన ఆ మాట మర్చిపోలేదు.

మళ్లీ అడ్డబల్ల

మర్నాడు పడవని సరంగు గారు అన్న కొడుక్కి ఇచ్చేశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఆడికి కళ్లున్నాయి. నా గాట్లు ఆడి సేతికి అడ్డం. ఆటిని నమ్మితే ఆడు దిబ్బెక్కిస్తాడు. మూసీ బాబూ. నువ్వే మూయాల."

రెండు రోజులు పట్టింది. అయిదు గాట్లు. పొట్టూ లక్కా కలిపి, ఒక్కొక్కదాన్నీ నింపి, ఆరాక రుద్ది, పూత వేశాను. లప్పం అంత నిదానంగా నేనెప్పుడూ పెట్టలేదు. మొదటిసారి అవే గాట్లు మూసినప్పుడు కూనిరాగం తీస్తూ మూశాను. ఈసారి ఒక్కో గాటు మూసినప్పుడల్లా లేచి కాస్త అటు నడిచి వచ్చాను. ఆయన పడవని ఆయన చేతి నుంచి తీసేస్తున్నది నేనే అని తెలుసు. ఆయన అడిగాడు కాబట్టే తీస్తున్నానని కూడా తెలుసు. ఆ రెండోది తెలిసినా బాధ తగ్గలేదు.

మూడో రోజు పొద్దున్న మావయ్య చూడ్డానికి వచ్చి జేబులోంచి దూది ఉండ తీశాడు. ఆ లోపలే నూకరత్నం తండ్రిని నడిపించుకుని వచ్చింది. ఆవిడే చెయ్యి పట్టి పడవెక్కించింది. ఆయన తన చోట్లో కూర్చుని పిడి పట్టుకున్నాడు. బొటనవేలు కిందికి జారింది. అడ్డబల్ల మీద ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా నడిచింది, మళ్లీ వెనక్కి నడిచింది. ఎక్కడా ఆగలేదు.

"అయిపోనాది" అన్నాడు.

నేను ఇసకలోకి దిగి అటు తిరిగి ఏడ్చాను. మావయ్య దూది ఉండని కర్ర మీద నడపకుండానే మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.